రాడారు చూపు, వాన లెక్క

కళ్లములో ధాన్యము పోసికొన్న కర్షకునకు ‘రేపు జిల్లాలో అచ్చటచ్చట వర్షము’ అను వార్త చాలదు. వాన తన గ్రామమునకు వచ్చునా, ఎన్ని గంటలకు వచ్చును అనునది యాతనికి కావలయును. ఇట్టి స్వల్పకాలిక సూచనకు వాతావరణ రాడారు మిక్కిలి తోడ్పడుచున్నది.

రాడారు ఆకాశములోనికి సూక్ష్మ తరంగములను పంపును. అవి వాన చినుకులకు తగిలి కొంతభాగము తిరిగి వచ్చును. అందులకు పట్టిన కాలమునుబట్టి వాన యెంత దూరమున నున్నదో, తిరిగి వచ్చిన తరంగముల బలమునుబట్టి అది యెంత జోరుగా నున్నదో తెలియును. డాప్లరు రాడారు చినుకులు దగ్గరకు వచ్చుచున్నవో, దూరముగా పోవుచున్నవో కూడ తెలుపును. మన తీరమున మచిలీపట్నము, విశాఖపట్నములందు డాప్లరు రాడారులు కలవు.

అయినను రాడారు చూపునది ఇప్పటి స్థితి మాత్రమే. మేఘము పోవు దిక్కునుబట్టి దాని రాకను ఊహించుట ఒకటి రెండు గంటలకే సరిపడును. ఏలయన ఉరుముల మేఘము గంటలోపలనే పుట్టి నశింపవచ్చును. కంప్యూటరు గాలి, వేడి, తేమల నియమములనుబట్టి ముందు గంటలను లెక్కించును గాని, దానికి ఆరంభస్థితి సరిగా తెలియనిచో లెక్కయంతయు తప్పును.

కావున రాడారు కొలతలను ఆ లెక్కలో చేర్చుచున్నారు. అమెరికాలో 2014 సంవత్సరమున అమలులోనికి వచ్చిన యొక పద్ధతియందు దేశమును 3 కిలోమీటర్ల గళ్లుగా విభజించి, గంటగంటకు క్రొత్త లెక్క వేయుదురు. ఆవిరి నీరగునపుడు వేడి వెలువడును గదా! రాడారునకు వాన కనబడిన చోట అంత వేడిని లెక్కలో చేర్చుదురు. అంతట లెక్కలోను గాలి పైకి లేచి, మేఘము ఉండవలసినచోట ఏర్పడును. ఇందువలన మొదటి కొన్ని గంటల సూచన బాగుపడును.

దీనికిని పరిమితులు కలవు. భూమి గుండ్రముగా నుండుటచే దూరము పోయినకొలది తరంగములు ఎత్తుననే పోవును. క్రిందనున్న వాన వానికి చిక్కదు. రాడారు దూరమైన గ్రామములవారు ఇది గమనింపవలెను.

వరి కోయుటా మానుటా యనుదానికి కొలది దినముల సూచనను చూడుడు. కోసినపిమ్మట భారత వాతావరణశాఖ ప్రకటించు మూడు గంటల సూచనను విడువక చూడుడు. ప్రతి సంఘమును నూర్పుల కాలమున ఇందులకొక సభ్యుని నియమించి, బరకములను కళ్లములచెంతనే సిద్ధముగా నుంచినచో మేలు. వార్త ముందుగా వచ్చినను కప్పుటకు బరకము లేనిచో ధాన్యము తడియక మానదు.