పప్పు చిక్కగా తిను, స్వాతీ

చిరంజీవి స్వాతికి,

పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేశావని చెప్పి మీ అమ్మ కంగారు పడుతోంది. మూగజీవాల మీద జాలితో నువ్వు పట్టిన పట్టును నేను కాదనను. కానీ అన్నంలో ఇంత చారు పోసుకుని, ఆవకాయ నంజుకుని లేచిపోతున్నావట. అదే నాకు బెంగ.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఎక్కువగా ధాన్యం మీదే ఆధారపడేవాళ్లు కిలోకి గ్రాము వేసుకోవడం మేలు. నువ్వు 50 కిలోలుంటావు కనుక 50 గ్రాములనుకో. బియ్యంలో ప్రొటీన్ ఉండదనుకుంటారు గానీ వందకి ఏడెనిమిది గ్రాములుంటుంది. అన్నం, టిఫిన్లు కలిపి నీకు 20 గ్రాముల దాకా అక్కడే వస్తుంది. కాకపోతే బియ్యంలో లైసిన్ తక్కువ. ఆ లోటు పప్పు తీరుస్తుంది. పప్పులో తగ్గే మెథియోనిన్‌ని బియ్యం ఇస్తుంది. రెండూ ఒకే ముద్దలో పడాలనేం లేదు, ఆ రోజులో తింటే చాలు.

చిక్కంతా మీ హాస్టల్ పప్పుచారుతోనే. వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, నిజమే. పైన తేలిన నీళ్లలో ఏముంటుందమ్మా? వడ్డించే ఆవిడని గరిట అడుగుదాకా పెట్టి పోయమను. మొహమాటపడకు. ముద్దపప్పు చేసిన రోజు రెండు గరిటెలు వేయించుకో.

పప్పు లేని పూటకి కందిపొడి సీసా పంపుతున్నాను. సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, జీలకర్ర, ఎండుమిర్చి వేసి కొట్టాను. నెయ్యి తినవు గనక వేడన్నంలో నువ్వుల నూనె వేసుకుని కలుపుకో.

రాత్రి గుప్పెడు నిండా పెసలు నానబోయి. పొద్దున్నే నీళ్లు వంచి తడిగుడ్డలో మూట కడితే మర్నాటికి మొలకలొస్తాయి. ఉల్లిపాయ తరిగి, ఉప్పు చల్లి, నిమ్మకాయ పిండుకో. నిమ్మరసంతో పెసల్లోని ఐరన్ కూడా ఒంటికి బాగా పడుతుంది. 50 గ్రాముల పెసలకి 11 గ్రాముల ప్రొటీన్. సాయంత్రం చిప్స్ బదులు వేయించిన పల్లీలు, పుట్నాలు చెరో గుప్పెడు తిన్నావంటే ఇంకో 13. పప్పు, కందిపొడితో కలిపితే నీ 50 పూర్తయినట్టే. ఆదివారం మా ఇంటికొస్తే మీల్‌మేకర్ కూర చేసిపెడతాను. వండని మీల్‌మేకర్ బరువులో సగం ప్రొటీనే.

పౌడర్ డబ్బా కొననా అని అడిగావు. వద్దు. ఆ డబ్బుతో నెలకి సరిపడా పెసలు, పల్లీలు, పుట్నాలు వస్తాయి, ఇంకా మిగులుతుంది కూడా.

బి12 మాత్రం పప్పుల్లో దొరకదు. పాలు మానేసినవాళ్లు దానికి మాత్ర వేసుకోవాల్సిందే. ఈ నెల్లోనే డాక్టర్ దగ్గరికెళ్లి రక్తపరీక్ష చేయించుకో. రిపోర్టు ఫొటో తీసి నాకు పంపు.

ఇట్లు,
మీ పిన్ని