కష్టే ఫలి – కరణం మల్లీశ్వరి జీవితం నేర్పే పాఠం

మన హాస్టల్ వరండా గోడ మీద నీలిరంగు అక్షరాలతో 'కష్టే ఫలి' అని రాసి ఉంటుంది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం మా అమ్మ నన్ను చూడటానికి వచ్చింది. "గోడ మీద ఏం రాసిన్రు బిడ్డా?" అని అడిగింది. అమ్మకు చదువు రాదు. నేను చదివి, కష్టపడితే ఫలితం దక్కుతుందని అర్థం చెప్పాను. అమ్మ నవ్వింది. "గట్లయితే ఇరవై ఏండ్ల సంది నాట్లేస్తున్న. నాకేం ఫలించింది?" అంది.

ఆ రోజు నాకు జవాబు దొరకలేదు. ఇప్పుడు ఎం.పి.ఎడ్. మొదటి సంవత్సరం చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటిదాన్ని నేనే. క్రీడా శిక్షణ పాఠాలు చదువుతున్నప్పుడు అమ్మ ప్రశ్న మళ్లీ గుర్తుకొచ్చింది. దానికి జవాబు ఒక తెలుగు క్రీడాకారిణి జీవితంలో కనిపించింది. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు, చెల్లెళ్లకు ఇదే చెప్పాలనిపించింది.

ఆమదాలవలస అమ్మాయి

కరణం మల్లీశ్వరి 1975 జూన్ 1న శ్రీకాకుళం జిల్లాలో పుట్టింది. తండ్రి మనోహర్ రైల్వే రక్షక దళంలో కానిస్టేబుల్. తల్లి పేరు శ్యామల. ఆమదాలవలసలో ఆ ఇంటి ఆడపిల్లలు వ్యాయామశాలకు వెళ్లి బరువులెత్తేవారు. అక్కను చూసి మల్లీశ్వరికి కూడా ఆశ పుట్టింది. అప్పుడామెకు పన్నెండేళ్లు. బక్కపలుచగా ఉంది, ఈ ఆటకు పనికిరాదని మొదట్లో కోచ్ అన్నారు. 'నువ్వు చేయగలవు' అని ధైర్యం చెప్పింది తల్లి. అదే కోచ్ నీలంశెట్టి అప్పన్న దగ్గర ఆమె తర్వాత ఓనమాలు దిద్దుకుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆడపిల్ల ఇనుప బరువులెత్తడం ఏమిటని ఊరంతా అనుకునే కాలమది. మహిళల బరువులెత్తే పోటీలకు తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగిందే 1987లో. అంటే, ఆమె వ్యాయామశాలలో అడుగుపెట్టిన రోజుల్లో ప్రపంచం కూడా ఈ ఆటలో ఆడవాళ్లకు అప్పుడప్పుడే తలుపు తెరుస్తోంది.

1990లో అక్కతో పాటు జాతీయ శిబిరానికి వెళ్లినప్పుడు, ఒలింపిక్ స్వర్ణ విజేత లియోనిద్ తరనెంకో ఆమెలోని ప్రతిభను గుర్తించారు. అక్కడి నుంచి బెంగళూరు శిక్షణ మొదలైంది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 1993లో కాంస్యం, 1994లోనూ 1995లోనూ స్వర్ణాలు, 1996లో మళ్లీ కాంస్యం సాధించింది. 1994లో అర్జున అవార్డు, తర్వాత ఖేల్ రత్న, 1999లో పద్మశ్రీ వచ్చాయి.

బార్ దగ్గర ఏం జరుగుతుంది?

బరువులెత్తే పోటీలో రెండు అంశాలుంటాయి. మొదటిది స్నాచ్. నేల మీది బార్‌ను ఒకే ఊపులో తల మీదికి లేపాలి. రెండోది క్లీన్ అండ్ జర్క్. ముందు భుజాల మీదికి తెచ్చి, తర్వాత తల మీదికి లేపాలి. ఒక్కో అంశంలో మూడు అవకాశాలిస్తారు. రెండింటిలోని అత్యుత్తమ బరువులను కలిపితే వచ్చేది మొత్తం. చూసేవాళ్లకు అదంతా చేతుల బలం అనిపిస్తుంది. నిజానికి కాళ్లు, నడుము, వీపు కలిసి చేసే పని అది. బార్ ఒంటికి ఎంత దగ్గరగా పైకి లేవాలి, దాని కిందికి ఎంత చప్పున కూర్చోవాలి అన్నది వేలసార్లు చేస్తే తప్ప ఒంటపట్టదు.

శిక్షణలో బరువును ఒకేసారి పెంచరు. వారం వారం కొంచెం కొంచెంగా పెంచుతారు. బరువెత్తినప్పుడు కండరం అలసిపోతుంది, దాని నారలు కొంత దెబ్బతింటాయి. అది బలపడేది బరువెత్తే వేళ కాదు, తర్వాతి విశ్రాంతిలో. కడుపునిండా తిండి, కంటినిండా నిద్ర దొరికితే, కండరం కోలుకుని ముందుకన్నా గట్టిపడుతుంది. అవి దొరక్కపోతే అదే శ్రమ ఒంటిని అరగదీస్తుంది. గాయాలు వస్తాయి. పరీక్షలో ఐదు మార్కుల కోసం చదివిన ఈ పాఠాన్ని తర్వాత చాలాసార్లు తలుచుకున్నాను.

తలుపు ఆలస్యంగా తెరుచుకుంది

మల్లీశ్వరి ప్రపంచ విజేతగా ఉన్న రోజుల్లో ఒలింపిక్స్‌లో మహిళలకు ఈ పోటీయే లేదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ అలాగే గడిచిపోయాయి. ఆమె తప్పేమీ లేదు, ఆమె కష్టంలో లోటూ లేదు. ఆడేందుకు వేదికే లేదు. 2000 సిడ్నీలో తొలిసారి మహిళలకు అవకాశమిచ్చారు. అప్పటికి ఆమెకు పాతికేళ్లు. 1997లో సహ క్రీడాకారుడు రాజేష్ త్యాగితో పెళ్లయి హర్యానా కోడలైంది. ప్రపంచ విజేతగా నిలిచింది 54 కిలోల తరగతిలో. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 63 కిలోల తరగతిలో రజతం గెలిచింది. సిడ్నీలో పోటీ చేసింది 69 కిలోల తరగతిలో. ఆమె పని అయిపోయిందన్నవాళ్లూ, జట్టులోకి ఎందుకు తీసుకున్నారన్నవాళ్లూ ఉన్నారు.

2000 సెప్టెంబర్ 19. స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు, మొత్తం 240 కిలోలు. చివరి అవకాశంలో 137.5 కిలోలకు ప్రయత్నించింది. అది లేచి ఉంటే స్వర్ణమే. లేవలేదు. చైనాకు చెందిన లిన్ వైనింగ్, హంగరీకి చెందిన ఎర్జెబెత్ మార్కుస్ ఇద్దరూ 242.5 కిలోలతో ముందు నిలిచారు. తేడా రెండున్నర కిలోలు. మన మెస్‌లో ఒక పూట కూరకు తరిగే ఉల్లిగడ్డలంత బరువు!

అయినా ఆ కాంస్యం మామూలుది కాదు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. సిడ్నీలో మన దేశానికి వచ్చిన పతకం అదొక్కటే.

ఆ తర్వాతి జీవితం

కథ అక్కడ ముగిస్తే అందంగా ఉంటుంది కానీ పూర్తి నిజం కాదు. 2001లో ఆమెకు కొడుకు పుట్టాడు. 2002 కామన్వెల్త్ క్రీడలతో మళ్లీ బరిలోకి దిగాలనుకుంది. తండ్రి మరణంతో అది కుదరలేదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌కు వెళ్లింది కానీ నడుము గాయం వల్ల పోటీ పూర్తి చేయలేకపోయింది. ఆ తర్వాత ఆట నుంచి విరమించుకుంది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్‌గా నియమితురాలైంది.

సిడ్నీకి ముందు ఎంత కష్టపడిందో, ఏథెన్స్‌కు ముందూ ఆమె కష్టపడింది. ఒకసారి పతకం వచ్చింది, ఒకసారి రాలేదు. జీవితంలో జరిగే సంఘటనలు మన అనుమతి అడగవు. పెళ్లి, బిడ్డ, చావు, గాయం ఏదైనా సరే. వాటిని ఆపడం క్రీడాకారుల చేతిలో ఉండదు. వాటి తర్వాత మళ్లీ బార్ దగ్గరికి నడవడం మాత్రం వాళ్ల చేతిలో ఉంటుంది.

నా సంగతీ చెప్పాలి. నేను 800 మీటర్లు పరుగెత్తేదాన్ని. ఇంటర్ రెండో సంవత్సరంలో నాన్నకు జబ్బు చేసింది. జిల్లా ఎంపికలు జరిగిన రోజు నేను ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉన్నాను. నాన్న కోలుకున్నాడు. నేను మాత్రం ఎనిమిది నెలలు గ్రౌండ్ మొహం చూడలేదు. 'నా రాత అంతే' అనుకున్నాను. ఎంపికలు పోవడం నా తప్పు కాదు. ఆ ఎనిమిది నెలలు పోవడం మాత్రం నా తప్పే. పెద్ద క్రీడాకారిణిని కాలేకపోయాను. కానీ మళ్లీ బూట్లు కట్టుకోవడం వల్లే వ్యాయామ విద్యలో చేరి, ఈ రోజు మీకు ఈ వ్యాసం రాయగలుగుతున్నాను.

మన పక్కనే కల్లెడ

మల్లీశ్వరి కథ పాతదనిపిస్తే, మన వరంగల్ జిల్లా కల్లెడకు రండి. జీవాంజి దీప్తి తల్లిదండ్రులు కూలి చేసుకుని బతికినవాళ్లు. దీప్తికి పుట్టుకతోనే మేధోపరమైన వైకల్యం ఉంది. ఊళ్లో కొందరు ఆ పసిదాన్ని హేళన చేశారు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పరుగును గుర్తించారు. తర్వాత కోచ్ నాగపురి రమేష్ శిక్షణ ఇచ్చారు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి, తన విభాగంలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం సాధించింది. ఇల్లు గడవక అమ్ముకున్న పొలాన్ని ఆమె గెలిచిన బహుమతి డబ్బుతో తిరిగి కొనుక్కున్నారు.

అమ్మ ప్రశ్నకు జవాబు

ఇప్పుడు అమ్మ ప్రశ్నకు వద్దాం. కష్టం రెండు రకాలు. ఒకటి మనిషిని పెంచే కష్టం, రెండోది మనిషిని అరగదీసే కష్టం. చెమట రెండింటిలోనూ ఒకటే. మా అమ్మ నాట్లలో వంగే నడుము, మల్లీశ్వరి బార్ మీద వంగే నడుము ఒకలాంటివే. కానీ ఒకరికి శ్రమ తర్వాత మంచి తిండి, విశ్రాంతి ఉన్నాయి. రేపు ఎంత పెంచాలో చెప్పే గురువు ఉన్నారు. గెలిస్తే గుర్తించే వేదిక ఉంది. మా అమ్మకు అవేవీ లేవు. అమ్మ కష్టం ఫలించకపోవడానికి కారణం అమ్మ తక్కువ కష్టపడటం కాదు. ఈ మాట మనం ఎప్పుడూ మరిచిపోకూడదు. కూలి చేసే మన తల్లిదండ్రులు కష్టపడలేదు కనుకనే పేదలయ్యారని ఎవరైనా అంటే నమ్మకండి.

మరి మనకేం ఉన్నాయి? ఈ హాస్టల్‌లో మూడు పూటలా తిండి ఉంది. పడుకోవడానికి చోటుంది. పొద్దున స్టడీ అవర్ ఉంది. చారు పలుచగా ఉంటుంది, నీళ్లు ఒక్కోసారి రావు, నాకూ తెలుసు. అయినా అమ్మకు దొరకనివి ఇవే. మన కష్టాన్ని పెంచే కష్టంగా మార్చేవి కూడా ఇవే.

చెల్లెళ్లు గుర్తుంచుకోవలసినవి:

1. కష్టానికి ఒక లెక్క ఉండాలి. నిన్నటికన్నా ఈ రోజు ఎంత పెరిగిందో నోట్‌బుక్‌లో రాసుకోండి.
2. తిండినీ, నిద్రనూ నిర్లక్ష్యం చేయకండి. అవి శిక్షణలో భాగం.
3. 'నువ్వు పనికిరావు' అన్న మొదటి మాటను చివరి మాట అనుకోకండి.
4. అనుకోని సంఘటన జరిగితే ఏడవండి, తప్పు లేదు. కానీ ఎప్పుడు తిరిగి మొదలుపెడతారో తేదీ వేసుకోండి.
5. మిమ్మల్ని గుర్తించే పెద్దవాళ్లను వెతుక్కోండి. రేపు మీరు పెద్దయ్యాక మరొకరిని గుర్తించండి.

ఈ అయిదో మాట ఇక్కడ చదివి వెళ్లిన అక్కలకు కూడా చెబుతున్నాను. సెలవులకు ఊరొచ్చినప్పుడు ఒక్క సాయంత్రం మన గ్రౌండ్‌కు రండి. ఏ బక్కపలుచటి పిల్లలో ఎంత బలముందో చూసేవాళ్లు లేకపోతే ఎవరికీ తెలియదు.

పోయిన పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకు ఇదంతా చెప్పాను. అమ్మ శ్రద్ధగా విన్నది. "అయితే నా కష్టం నీకాడ ఫలించిందన్నట్టు" అంది. ఆ మాట నిజం చేయాల్సిన బాధ్యత నాది. మీది కూడా.