రేడియేషన్ బంకర్‌కి గుండె పేషెంట్ వస్తే

మీరు మెడికల్ ఫిజిసిస్టో, రేడియేషన్ థెరపీ టెక్నాలజిస్టో అయితే, మీ లినాక్ మీద ఇప్పటిదాకా పడుకున్నవాళ్లు దాదాపు అందరూ క్యాన్సర్ పేషెంట్లే. ఇకమీదట కార్డియాలజీ నుంచి కూడా ఫోన్ రావచ్చు. పేషెంట్‌కి వెంట్రిక్యులర్ టాకికార్డియా, అంటే వీటీ. మందులు పనిచెయ్యలేదు, కాథెటర్ అబ్లేషన్ చేసినా తిరగబెట్టింది. ఛాతీలో పెట్టిన ఐసీడీ, అంటే గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే పరికరం, పదేపదే షాక్ కొడుతోంది. బయటి నుంచి రేడియేషన్ ఇచ్చి ఆపగలమా అని అడుగుతారు.

ఈ పద్ధతికి ఊపు తెచ్చింది 2017లో వచ్చిన ఒక పేపర్. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో కార్డియాలజిస్ట్ ఫిలిప్ కుకులిచ్, రేడియేషన్ ఆంకాలజిస్ట్ క్లిఫర్డ్ రాబిన్సన్ బృందం ఐదుగురికి ఒక్కో సిట్టింగ్‌లో 25 గ్రే ఇచ్చింది. అంతకుముందు మూడు నెలల్లో ఆ ఐదుగురికీ కలిపి 6,577 వీటీ ఎపిసోడ్లు. చికిత్స తర్వాతి ఆరు వారాలు పక్కన పెడితే, మిగతా ఫాలోఅప్ అంతటిలో 4. మీ మేనేజ్‌మెంట్ ఈ అంకె చూసే ఉంటుంది. ‘రాష్ట్రంలో మనమే ఫస్ట్’ అన్న ఒత్తిడి మొదలవుతుంది. పేపర్లో పేరు రావాలని మీకూ ఉంటుంది, అందులో తప్పేం లేదు. అయితే ఆ వెంటనే అదే బృందం చేసిన ట్రయల్ కూడా 19 మందితోనే. అందుకే ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం ఫైల్లో కనపడేదాకా మెషిన్ స్లాట్ ఇవ్వకండి.

పనిలో అసలు తేడా ఎక్కడుందంటే, ఇక్కడ రెండో రోజు లేదు. క్యాన్సర్‌లో చాలాసార్లు పాతిక ముప్పై సిట్టింగులు ఉంటాయి, ఒకరోజు సెటప్ కాస్త జరిగితే మర్నాడు సరిచేస్తాం. ఇక్కడ పొరపాటు జరిగితే మొత్తం డోసు తప్పుచోట పడినట్టే.

ఆ పొరపాటు మెషిన్ దగ్గర కంటే ముందే, రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య పుడుతుంది. ఒక కేసు అనుకోండి. కార్డియాలజిస్ట్ తన ఎలక్ట్రికల్ మ్యాప్ మీద వీటీ పుట్టే మచ్చ ఉన్న భాగం చూపించి, స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పంపారు. ఆ బొమ్మ ఏటవాలు కోణంలో ఉంది, మీ సీటీ అడ్డకోతల్లో ఉంది. ఆంకాలజీ రెసిడెంట్ అంచనాగా కాంటూర్ గీశాడు. గీత పక్క సెగ్మెంట్‌లోకి జరిగింది. ప్లాన్ అందంగా వచ్చింది, క్యూఏ పాసైంది. ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే క్యూఏ చూసేది ప్లాన్ ప్రకారం డోసు పడుతోందా అన్నదే. గీత సరైనచోట ఉందా అన్నది అది చెప్పదు. కాబట్టి స్క్రీన్‌షాట్ తీసుకోకండి. ఎడమ జఠరికను 17 సెగ్మెంట్లుగా చూసే లెక్కలో సెగ్మెంట్ పేరు, నంబరు రాసిమ్మనండి. ఇద్దరు డాక్టర్లూ ఒకే వర్క్‌స్టేషన్ ముందు కూర్చుని, సీటీ మీదే గీత చూసి సంతకం పెట్టాలి. సాయంత్రం ఆరింటికి ఎవరైనా తొందరపెడితే, ‘సార్, టార్గెట్ మీద రెండో సంతకం రాలేదు, వచ్చాక ప్లాన్ అప్రూవ్ చేస్తాను’ అనండి. అదే మాట మెయిల్లో కూడా పెట్టండి. చెప్పడానికి ఇబ్బందే, కానీ రేపు ఆడిట్‌లో మాట్లాడేది ఆ మెయిలే.

టార్గెట్ గుండె కింది గోడలో ఉంటే జీర్ణాశయం చాలా దగ్గర. సెయింట్ లూయిస్ ట్రయల్‌లోనే ఒకరికి రెండేళ్లు దాటాక జీర్ణాశయానికీ గుండె పొరకీ మధ్య రంధ్రం పడింది. కవరేజ్ కోసం జీర్ణాశయం లిమిట్ సడలించమంటే ఒప్పుకోవద్దు. ఊపిరితో పాటు గుండె ఎంత కదులుతోందో 4డీ సీటీలో చూడండి. కోన్ బీమ్ మ్యాచింగ్ వెన్నెముక మీద చేసి ఆపేయకుండా గుండె అంచు మీద సరిచూడండి.

ఐసీడీ సంగతి. జనరేటర్ మీద నేరుగా బీమ్ పడకూడదు. 10 ఎంవీ దాటిన ఎనర్జీ వాడితే న్యూట్రాన్లు పుట్టి పరికరం పాడవచ్చు. బీమ్ నడిచేటప్పుడు షాక్ థెరపీ ఆపాలని కార్డియాలజీ నిర్ణయిస్తే, డీఫిబ్రిలేటర్, దాన్ని వాడగలిగిన మనిషి కన్సోల్ దగ్గర ఉండాలి. ఆపడం అందరికీ గుర్తుంటుంది. తిరిగి ఆన్ చెయ్యడమే మర్చిపోతారు. పని అయిపోయిందని టీమ్ చెదిరిపోయే సమయం అది. ఆన్ చేసిన టైము, చేసినవాళ్ల పేరు చార్టులో పడేదాకా పేషెంట్‌ని గది దాటించకండి.

కుటుంబం మిమ్మల్నే అడుగుతుంది, ‘ఇక షాక్ రాదు కదా?’ అని. మాట ఇవ్వకండి. మొదటి వారాల్లో వీటీ మళ్లీ రావచ్చు. ఆ ప్రశ్న కార్డియాలజిస్ట్‌కి అప్పగించండి. డిశ్చార్జ్‌కి ముందే ఒక రిజిస్టర్ తెరవండి. మూడు నెలలకి, ఏడాదికి, ఆ తర్వాత ఏటేటా ఫోన్ చేసేదెవరో పేరు రాయండి. ఆ పేరున్న మనిషి ఉద్యోగం మారుతుంటే, రిలీవింగ్ కాగితాల్లో ఈ రిజిస్టర్ ఎవరికి అప్పగించారో కూడా ఉండాలి.