ప్రజా ఉద్యానవనాలలో పరాగసంపర్క తోటలు: స్వచ్ఛంద నిర్వహణలో పాటించవలసిన శాస్త్రీయ సూత్రాలు

సారాంశం

నగరాలలోని ఉద్యానవనాలలో స్వచ్ఛంద కార్యకర్తలు తేనెటీగలు, సీతాకోకచిలుకల కోసం ప్రత్యేక తోటలు పెంచుతున్నారు. సదుద్దేశంతో నాటిన మొక్క కూడా తగిన యాజమాన్యం లేనప్పుడు కీటకాలకు కీడు చేయగలదు. అమెరికాలోని మొనార్క్ సీతాకోకచిలుకల తోటల అనుభవం ఆధారంగా మొక్కల ఎంపిక, గూళ్ళకు వసతి, పురుగుమందుల నియంత్రణ, గణాంకాల సేకరణ అనే అంశాలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

పరిచయం

ప్రపంచంలోని ప్రధాన ఆహార పంటలలో సుమారు 75 శాతం ఎంతో కొంత మేరకు జంతు పరాగసంపర్కంపై ఆధారపడతాయి. ఈ పనిలో అగ్రస్థానం తేనెటీగలది. వీటిలో దాదాపు 20,000 జాతులు ఉండగా, అధిక భాగం పట్టు కట్టక ఒంటరిగా జీవించేవే. బ్రిటన్‌లోని బ్రిస్టల్, ఎడిన్‌బరో, లీడ్స్, రెడింగ్ నగరాలలో 360 స్థలాలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, పెరటి తోటలు, సామూహిక కూరగాయల మడులు పరాగసంపర్క కీటకాలకు ముఖ్య స్థావరాలని తేలింది. ఉద్యానవనాలకు విస్తీర్ణం ఉన్నా పూల సాంద్రత తక్కువ. కత్తిరించిన పచ్చిక కంటికి ఇంపుగా ఉన్నా కీటకానికి అందులో ఆహారం లేదు. స్వచ్ఛంద కార్యకర్తల తోట పూరించవలసిన లోటు ఇదే.

మొనార్క్ తోటల అనుభవం

ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతపు మొనార్క్‌లు శీతాకాలం గడపడానికి సుమారు 4,000 కిలోమీటర్ల వరకు ప్రయాణించి మెక్సికో కొండ అడవులను చేరుతాయి. అక్కడ అవి ఆక్రమించిన విస్తీర్ణం 1996-97లో 18 హెక్టార్లకు పైగా ఉండగా, 2023-24 నాటికి 0.9 హెక్టారుకు పడిపోయింది. వీటి గొంగళి పురుగులు జిల్లేడు కుటుంబానికి చెందిన మిల్క్‌వీడ్ మొక్కలను మాత్రమే తింటాయి. పొలాలలో కలుపు మందుల వాడకంతో ఈ మొక్కలు తరిగిపోవడం క్షీణతకు ఒక ముఖ్య కారణం. కాన్సాస్ విశ్వవిద్యాలయంలోని మొనార్క్ వాచ్ సంస్థ 2005లో ‘మజిలీ తోటల’ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఇళ్ళలో, పాఠశాలలలో, ఉద్యానవనాలలో పౌరులు మిల్క్‌వీడ్‌ను, మకరందమిచ్చే పూలను పెంచడం దీని సారాంశం.

అయితే స్థానిక మిల్క్‌వీడ్ విత్తనం మొలకెత్తడానికి ఎక్కువ కాలం తీసుకుంటుంది. నర్సరీలలో దొరకడమూ కష్టమే. దానితో చాలామంది ఎరుపు, పసుపు పూలు పూసే ఉష్ణమండల మిల్క్‌వీడ్, అస్క్లెపియాస్ కురస్సావికాను నాటారు. స్థానిక జాతులు చలికాలంలో ఎండిపోతాయి. దక్షిణ తీర రాష్ట్రాలలోను, కాలిఫోర్నియాలోను ఈ మొక్క మాత్రం చలికాలంలోనూ పచ్చగా ఉంటుంది. ఫలితంగా కొన్ని మొనార్క్‌లు వలస మాని అక్కడే గుడ్లు పెట్టసాగాయి.

ఇక్కడే అసలు చిక్కు ఏర్పడింది. ఒఫ్రియోసిస్టిస్ అనే ఏకకణ పరాన్నజీవి సిద్ధబీజాలు తల్లి సీతాకోకచిలుక శరీరం నుండి గుడ్లపై, ఆకులపై రాలుతాయి; ఆకుతో పాటు వాటిని తిన్న గొంగళి పురుగుకు వ్యాధి సోకుతుంది. తీవ్రంగా సోకిన సీతాకోకచిలుక రెక్కలు సరిగా విప్పుకోలేదు. సుదీర్ఘ వలసలో వ్యాధిగ్రస్త కీటకాలు రాలిపోవడం, స్థానిక మొక్క ఎండిపోవడం వల్ల వ్యాధి చక్రం తెగుతుంది. ఏడాది పొడవునా పచ్చగా ఉండే మొక్కపై ఆ తెగింపు లేదు. వలస వెళ్ళే వాటికంటే శీతాకాలంలోనూ సంతానోత్పత్తి చేసే మొనార్క్‌లలో వ్యాధి చాలా ఎక్కువని 2015లో ప్రచురితమైన పరిశోధన నిర్ధారించింది. స్థానిక జాతులనే నాటాలని, ఉష్ణమండల మొక్క ఇప్పటికే ఉన్నచోట శరదృతువు నుండి చలికాలమంతా దానిని నేల మట్టానికి కత్తిరించాలని శాస్త్రజ్ఞుల సూచన.

తెలుగు రాష్ట్రాలకు అన్వయం

మొనార్క్ వలస ఇక్కడ లేదు కనుక ఈ ఫలితాలను యథాతథంగా అన్వయించరాదు. గ్రహించవలసిన సూత్రం ఒక్కటే: మొక్కను పువ్వు అందాన్ని బట్టి కాక, దానిపై ఆధారపడే కీటకం జీవిత చక్రాన్ని బట్టి ఎంచుకోవాలి.

ఆతిథ్య మొక్కలు: జిల్లేడుపై ప్లెయిన్ టైగర్, కరివేపాకు, నిమ్మ మొక్కలపై కామన్ మార్మన్, లైమ్ సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. గొంగళి పురుగులు తిన్న ఆకులను నష్టంగా భావించరాదు. అది తోట విజయానికి గుర్తు.

ఆహార పరంపర: వేప, కానుగ, నేరేడు వేసవి పూతనిస్తాయి. వానల తరువాత తుమ్మి, గడ్డిచామంతి, రేగు, చలికాలంలో కుంకుడు, ధనియాల మొక్కలు ఆ వరుసను కొనసాగిస్తాయి. ఏ నెలలోనూ పూత పూర్తిగా ఆగిపోకుండా చూడాలి. రేకులు ముద్దగా ఉండే అలంకరణ రకాలలో మకరందం, పుప్పొడి కీటకానికి అందవు. కలుపు తీసేటప్పుడు వయ్యారిభామను తొలగించి, తుమ్మిని, గడ్డిచామంతిని ఉంచే విచక్షణను కార్యకర్తలకు నేర్పాలి.

గూళ్ళు: ఒంటరి తేనెటీగలలో ఎక్కువ జాతులు నేలలో గూడు కట్టుకుంటాయి. తోటంతా మల్చింగ్ చేయక, ఎండ తగిలే చోట కొంత నేలను ఖాళీగా వదలాలి. నల్ల తుమ్మెదకు ఎండు కొయ్య, వెదురు బొంగు కావాలి. వంగ, టమాట పూల పుప్పొడి సంచుల కొనలలోని రంధ్రాల నుండి పుప్పొడిని ఈ తుమ్మెద తన కంపనంతో రాల్చగలదు. తేనెపట్టు ఈగలకు ఆ శక్తి లేదు. శుభ్రత పేరుతో ఎండు కొమ్మలన్నీ తొలగిస్తే ఈ సేవ కోల్పోవలసి వస్తుంది.

పురుగుమందులు: నియోనికోటినాయిడ్ మందులు మొక్క అంతటా వ్యాపించి పుప్పొడి, మకరందాలలోకి చేరుతాయి. అందువల్ల నర్సరీ మొక్క కొనేముందు ఏ మందు వాడారో విచారించాలి. దోమల నివారణకు వాడే ఫాగింగ్ మందులు తేనెటీగలకూ విషమే. ఫాగింగ్ వేళలను, తోట సరిహద్దులను ఉద్యానవన అధికారులతో ముందుగా నిర్ణయించుకోవడం అవసరం.

తేనెటీగల పెట్టెలు: ఉద్యానవనంలో పెట్టెలు అధికంగా ఉంచడం సంరక్షణ కాదు. పట్టుల సాంద్రత పెరిగిన చోట పూలపై అడవి తేనెటీగల సందర్శనలు తగ్గినట్లు పారిస్ నగరంలో గమనించారు.

నిర్వహణ, గణాంకాలు

స్వచ్ఛంద తోటల బలహీనత ఆరంభంలో కాక మూడవ ఏడాదిలో బయటపడుతుంది. ఉత్సాహవంతులు బదిలీపై వెళ్తారు. నీరు పెట్టే బాధ్యత ఎవరిదో తెలియదు. ప్రతి మడికి ఇద్దరు బాధ్యులను, ఒక నమోదు పుస్తకాన్ని ఏర్పాటు చేయాలి. నెలకు ఒకసారి, ఎండ ఉన్న ఉదయం, నిర్ణీత మడి ముందు 10 నిమిషాలు నిలిచి పూలపై వాలిన కీటకాలను లెక్కించాలి. జాతిని గుర్తించలేకపోయినా తేనెటీగ, తుమ్మెద, సీతాకోకచిలుక, పూల ఈగ అనే విభజన చాలు. పక్కనున్న పచ్చికలోనూ ఇదే లెక్క తీయాలి. పోల్చడానికి అది లేనిదే తోట ప్రభావం తెలియదు.

ముగింపు

ఒక మడి నగరంలోని కీటకాల క్షీణతను ఆపలేదు. అయితే నమోదులతో నిర్వహించిన తోట విద్యార్థులకు సజీవ ప్రయోగశాల, విస్తరణ శాస్త్రజ్ఞులకు ప్రదర్శన క్షేత్రం కాగలదు. తమ నాటింపులో దోషాన్ని గుర్తించి మొక్కను మార్చుకునే సంసిద్ధతే మొనార్క్ తోటలు నేర్పే పాఠం. విస్తరణ సిబ్బంది మొక్కల పంపిణీతో సరిపెట్టక, తరువాతి సంవత్సరాల నమోదులను కార్యకర్తలతో కలిసి సమీక్షించినప్పుడే ఆ దిద్దుబాటుకు అవకాశం కలుగుతుంది.