తేలిక బూటు, రేగడి గట్టు

మా మోస్రా చుట్టుపక్కల పిల్లలు పోలీసు కొలువు కోసమో, సైన్యంలో చేరడానికో పొద్దు పొడవకముందే కాలువ కట్టల మీద, పొలం బాటల మీద ఉరుకుతుంటారు. వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైన నన్ను వాళ్లు ముందుగా అడిగేది ఒకటే: “సార్, లైట్‌వెయిట్ షూ ఏది తీసుకోవాలె?” బ్రాండు పేరు చెప్పి పంపిస్తే సరిపోయే ప్రశ్న కాదిది. నాకు తెలిసింది వరుసగా చెబుతాను.

1. బరువు తగ్గితే లాభం ఉన్నమాట నిజమే. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు పరుగుగాళ్లకు తెలియకుండా వాళ్ల బూట్లలో సీసపు పూసలు దాచి 3000 మీటర్లు ఉరికించారు. ఒక్కో బూటుకు 100 గ్రాములు పెరిగితే సమయం 0.78 శాతం పెరిగిందని 2016లో ప్రకటించారు. తెలంగాణ పోలీసు నియామకాల 2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1600 మీటర్లకు ఇచ్చిన గడువు 7 నిమిషాల 15 సెకన్లు. ఆ లెక్కన వంద గ్రాములంటే సుమారు మూడున్నర సెకన్లు. అంతకంటే తక్కువలో కొలువు పోగొట్టుకున్న పిల్లలున్నారు.

2. అయితే డబ్బా మీద రాసిన బరువు షాపులో ఉన్నప్పటిది. మనది నిజాంసాగర్ కాలువ కింది నల్లరేగడి. బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక చెరుకు తగ్గింది, వరి పెరిగింది. వానాకాలం పంటకూ, యాసంగికీ నీళ్లు పారుతుంటే గట్లు ఆరేదెప్పుడు? దమ్ము చేసిన ట్రాక్టర్లు కేజ్ వీల్స్‌తో బురదను బాట దాకా ఈడ్చుకొస్తాయి. ఆ రేగడిలో నాలుగడుగులు వేస్తే సోలు కింద మన్ను పేరుకుంటుంది, పక్కలకు పెళ్లలు కడుతుంది. పావు కిలో బూటు అరకిలో దాటుతుంది. అందుకని బూటును తిరగేసి చూడండి. సోలు కింది రబ్బరు పళ్లు దగ్గరదగ్గరగా ఉంటే వాటి మధ్య మన్ను ఇరుక్కుంటుంది, పుల్లతో గీకినా ఊడదు. ఎడం ఎడంగా, 5 మిల్లీమీటర్ల లోతుతో ఉంటే అడుగు పడ్డప్పుడల్లా కొంత రాలిపోతుంది. ఇలాంటి సోలుతో బూటు ఇరవై ముప్పై గ్రాములు ఎక్కువ తూగినా బురదలో తేలికైంది అదే. తారు రోడ్డు మీద ఉరికేవాళ్లకు మాత్రం ఈ పళ్లు దండగ, తొందరగా అరిగిపోతాయి.

పళ్ల సోలు ఊరికే పుట్టలేదు. 1935లో ఇటలీ ఆల్ప్స్ కొండల్లో విటాలె బ్రమాని అనే పర్వతారోహకుడి తోటివాళ్లు ఆరుగురు చలికి, సరైన బూట్లు లేక చనిపోయారు. ఆ దుఃఖంలోంచి ఆయన 1937లో రబ్బరు పళ్ల సోలును తెచ్చాడు. ఈనాటి కొండదారి బూట్లలో చాలావాటికి మూలం అదే.

3. కాలువ కట్ట మీద మొరం, గట్ల పక్కన సర్కారు తుమ్మ ముళ్లు, కోతలయ్యాక వరి కొయ్యకాళ్లు. సోలు మరీ పలచనైతే ఇవన్నీ పాదానికి తగులుతాయి. ఒక చేతిని బూటు లోపల పెట్టి, సోలు ముందరి భాగాన్ని రెండో చేతి బొటనవేలితో కింది నుంచి గట్టిగా నొక్కండి. వేలి ఒత్తిడి లోపలి చేతికి తెలిసిందంటే రాయి కూడా తెలుస్తుంది. కొన్ని బూట్లలో సోలు మధ్యన పలచని గట్టి రేకు లాంటిది ఉంటుంది. ఆ కాస్త బరువు మోయడం మంచిదే.

4. వాటర్‌ప్రూఫ్ వద్దు. గట్టు జారి మడిలో కాలు పడితే నీళ్లు పైనుంచే లోపలికి వస్తాయి, వచ్చినవి బయటికి పోవు. జాలీ గుడ్డ బూటైతే పరుగులోనే నీళ్లు కారిపోతాయి. నూలు సాక్సులూ వద్దు, తడిని పట్టుకుని బొబ్బలు తెస్తాయి.

5. కొనడానికి నిజామాబాద్ పోతే సాయంత్రం పొండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. ఉరికేటప్పుడు తొడిగే సాక్సులే తొడగండి. నిలబడితే పొడుగు వేలి ముందు బొటనవేలి వెడల్పంత జాగా ఉండాలి, మడమ మాత్రం లేవకూడదు. ఆడపిల్లల విషయంలో నాకు బాధగా ఉంటుంది. వాళ్ల కొలతకు కుట్టినవి దొరకక మగపిల్లల చిన్న సైజు కొనుక్కుంటారు, మడమ వదులై తోలు ఊడుతుంది. పైన మిగిలిన ఆఖరి రంధ్రంలోంచి కూడా లేసు లాగి కట్టమ్మా, చాలా వరకు కుదురుతుంది. కుదరకపోతే ఆ జత తీసుకోవద్దు, ఎంత తగ్గించి ఇస్తానన్నా సరే.

6. అబెబె బికిల 1960లో రోమ్ ఒలింపిక్ మారథాన్‌ను వట్టికాళ్లతో గెలిచాడని పిల్లలు నాతో వాదిస్తారు. నిజమే, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు. 1964లో టోక్యోలో ఆయనే బూట్లు వేసుకుని 2:12:11లో గెలిచాడు. వట్టికాళ్ల పరుగు ఆయనకు ముందునుంచే అలవాటు. చిన్నప్పటి నుంచి మందం సోలుకు అలవాటుపడ్డ కాలిని ఒక్కసారిగా పలచని బూటులోకి దించితే పిక్కలు పట్టేస్తాయి, మడమ వెనక నరం వాస్తుంది. మొదట వారానికి ఒకటి రెండు పూటలు, అదీ కొద్ది దూరమే ఉరకండి.

7. వచ్చిన వెంటనే మన్ను కడిగి, లోపలి అట్ట తీసి, పాత పేపర్లు కుక్కి నీడకు పెట్టండి. ఎండలో పెడితే జిగురు ఊడుతుంది, మెత్త గట్టిపడుతుంది.

8. ఈవెంట్స్, అంటే కొలువు కోసం పెట్టే పరుగు పరీక్షలు, జరిగేది చదునైన మైదానంలో. గట్టు బూట్ల పళ్లకు అక్కడ పనుండదు. అందుకే పరీక్ష తేదీ తెలిసిన రోజే, దానికోసం వేరుగా ఉంచుకున్న చదును సోలు తేలిక జతను బయటికి తీయండి. పరీక్ష దాకా మిగిలిన రోజుల్లో వేగం పరుగులన్నీ స్కూలు మైదానంలో దానితోనే ఉరకండి. కొత్త జత మాత్రం పరీక్ష నాడు తొడగొద్దు.