ఎద్దు ఈనిందట! సైన్సు వార్తని చదవడం ఎలా?

"ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నాడట" అని మన సామెత. చెప్పినవాడి సంగతి అలా ఉంచండి. విన్నవాడికి అసలు ఎద్దు ఈనుతుందా అన్న అనుమానమే రాలేదు. పైగా తర్వాత చెయ్యాల్సిన పని కూడా పురమాయించేశాడు. ఆ పెద్దమనిషి ఈ రోజుల్లో ఉండి ఉంటే దూడ ఫొటో స్టేటస్‌లో పెట్టి "ప్రతి ఒక్కరూ షేర్ చెయ్యండి" అని కూడా రాసేవాడు.

ఆ సామెతలో ఇంకొకడు కూడా ఉండాల్సింది, ఎందుకో లేడు. ఏ వార్త చెప్పినా "అంతా బోగస్ రా బాబూ" అని దుప్పటి ముసుగేసుకునేవాడు. హాస్టల్లో రూముకొకడు దొరుకుతాడు. చూడ్డానికి తెలివైనవాడిలాగే కనిపిస్తాడు గానీ, గాటన కట్టమన్నవాడికీ వీడికీ పెద్ద తేడా లేదు. ఇద్దరూ కొట్టంలోకి వెళ్ళి చూడలేదు.

ఈ పాఠం కొట్టంలోకి వెళ్ళి చూడటం గురించి. వార్త చూసి నవ్వొద్దని కాదు. శుభ్రంగా నవ్వుదాం. కాకపోతే నవ్వే ముందో, నవ్విన తర్వాతో ఒక చిన్న లెక్క వేద్దాం. నాలుగు పాత వార్తలు తీసుకుని, ఒక్కోదాని నుంచి ఒక్కో ప్రశ్న నేర్చుకుందాం.

మొదటి ప్రశ్న: అది పనిచేసే దారి ఏది?

2016 నవంబరులో పాత నోట్లు రద్దయి కొత్త 2000 రూపాయల నోటు వచ్చింది. నోటు చేతికి రాకముందే వార్త వచ్చేసింది. అందులో నానో జీపీఎస్ చిప్ ఉందట, భూమిలో 120 మీటర్ల లోతున పాతిపెట్టినా ఉపగ్రహానికి కబురు అందుతుందట. కొన్ని టీవీ ఛానళ్ళు బొమ్మలు గీసి మరీ వివరించాయి. అలాంటిదేమీ లేదని రిజర్వు బ్యాంకు, ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. హాస్టల్ మెట్ల కింద ఫోను సిగ్నల్ అందని మనకి, 120 మీటర్ల మట్టి కింద నుంచి కాగితం మాట్లాడుతుందంటే నవ్వు రాకుండా ఎలా ఉంటుంది?

నవ్వు అయ్యాక లెక్కలోకి వద్దాం. జీపీఎస్ ఉపగ్రహం భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. అది రేడియో స్టేషన్ లాంటిది. సమయాన్ని, తన స్థానాన్ని ప్రసారం చేస్తూ పోతుంది, అంతే. మన ఫోను ఎక్కడుందో దానికి తెలియదు. కనీసం నాలుగు ఉపగ్రహాల మాటలు విని ఫోనే తన చోటు లెక్క కట్టుకుంటుంది. ఆ చోటు ఇంకొకళ్ళకి తెలియాలంటే ఫోను మళ్ళీ సెల్ టవర్ ద్వారా చెప్పాలి. దానికి బ్యాటరీ కావాలి, యాంటెనా కావాలి. నోట్లో బ్యాటరీ ఎక్కడ? ఇక జీపీఎస్ తరంగాల పౌనఃపున్యం సుమారు 1.5 గిగాహెర్ట్జ్. ఆ తరంగాలు కాంక్రీటు కప్పు దాటడానికే ఆపసోపాలు పడతాయి, 120 మీటర్ల తడి మట్టిని దాటడం మాట దేవుడెరుగు.

చూశారుగా, "ప్రభుత్వం కాదంది కాబట్టి కాదు" అని మనం అనలేదు. శక్తి ఎక్కడి నుంచి వస్తోంది, సంకేతం ఏ దారిన పోతోంది అని అడిగాం. రెండో సంవత్సరం ఈసీఈ పాఠం చాలు.

రెండో ప్రశ్న: ఇది నిజమైతే ఇంకేం జరిగి ఉండాలి?

ఇప్పుడు మోసం ఏమీ లేని వార్త చూద్దాం. 2011 సెప్టెంబరులో ఇటలీలోని గ్రాన్ సాసో భూగర్భ ప్రయోగశాల నుంచి ఒపేరా అనే బృందం ఒక ఫలితం ప్రకటించింది. జెనీవా దగ్గరి సెర్న్ నుంచి బయల్దేరిన న్యూట్రినోలు 730 కిలోమీటర్లు నేలలోంచి ప్రయాణించి, కాంతి కన్నా 60 నానోసెకన్లు ముందు వచ్చాయట! ఐన్‌స్టీన్ పని అయిపోయిందని పత్రికలు హెడ్డింగులు పెట్టేశాయి. బ్రిటన్‌లో జిమ్ అల్ ఖలీలీ అనే భౌతిక శాస్త్రవేత్త, ఇది నిజమని తేలితే టీవీ లైవ్‌లో నా చెడ్డీ తింటానని పందెం కాశాడు. అప్పట్లో ప్రపంచమంతా తిరిగిన జోకుని మన టీకొట్టుకి తెస్తే ఇలా ఉంటుంది: "సారీ, కాంతి కన్నా ఫాస్టుగా వచ్చేవాళ్ళకి ఇక్కడ టీ ఇవ్వం" అన్నాడు కొట్టతను. ఒక న్యూట్రినో టీకొట్లోకి వచ్చింది. (వెంటనే అర్థం కాకపోతే కింది నుంచి పైకి చదవండి. కాంతిని దాటితే ఫలితం ముందు, కారణం తర్వాత అన్నమాట.)

ఇక లెక్క. 60 నానోసెకన్లలో కాంతి 18 మీటర్లు పోతుంది. 730 కిలోమీటర్లకి దానికి పట్టేది సుమారు 2.4 మిల్లీసెకన్లు. అంటే న్యూట్రినోల ఆధిక్యం లక్షకి రెండున్నర వంతు. చాలా చిన్నదిగా కనిపిస్తోంది కదా? దీన్ని ఆకాశంలోకి తీసుకెళ్దాం. 1987లో మన పక్క గెలాక్సీలో ఒక నక్షత్రం పేలిన వెలుగు భూమికి చేరింది. దూరం సుమారు 1,68,000 కాంతి సంవత్సరాలు. లక్షకి రెండున్నర చొప్పున లెక్కేస్తే, ఆ పేలుడు న్యూట్రినోలు వెలుగు కన్నా నాలుగేళ్ళు ముందే రావాలి. కానీ జపాన్‌లోని డిటెక్టర్‌కి అవి దొరికింది వెలుగు కనబడటానికి కొన్ని గంటల ముందు మాత్రమే. ఆ గంటల తేడాకి కూడా వేరే కారణం ఉంది. న్యూట్రినోలు నక్షత్రం నడిబొడ్డు నుంచి వెంటనే బయటపడతాయి, వెలుగు బయటికి రావాలంటే పేలుడు తాకిడి పై పొరని చేరాలి.

ఒపేరా న్యూట్రినోల శక్తి ఆ నక్షత్రపు న్యూట్రినోల శక్తికి వెయ్యి రెట్ల పైనే కాబట్టి, ఈ ఒక్క లెక్కతో కేసు కొట్టెయ్యలేం. కానీ అనుమానానికి గట్టి ఆధారం దొరికింది. చివరికి 2012లో కారణం తెలిసింది. జీపీఎస్ రిసీవర్ నుంచి సమయం మోసుకొచ్చే ఫైబర్ కేబుల్ సరిగ్గా బిగించలేదు! మన ల్యాబ్‌లో రీడింగ్ రాకపోతే ల్యాబ్ అసిస్టెంట్ అన్న మొదట అడిగేది కూడా అదే: "వైరు సరిగ్గా పెట్టావా?" అదే సొరంగంలో ఇకారస్ అనే ఇంకో బృందం కొలిచి చూస్తే న్యూట్రినోలు బుద్ధిగా కాంతి వేగంతోనే వచ్చాయి. అల్ ఖలీలీ గారికి భోజనం తప్పింది.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఒపేరా వాళ్ళు ఐన్‌స్టీన్‌ని ఓడించామని అనలేదు. "మేం నెలల తరబడి వెతికినా తప్పు దొరకలేదు, మీరూ చూడండి" అన్నారు. హెడ్డింగులు వేరేవాళ్ళు పెట్టారు. కాబట్టి నవ్వేటప్పుడు ఎవరిని చూసి నవ్వుతున్నామో చూసుకోవాలి.

మూడో ప్రశ్న: ఇంకెవరైనా చేసి చూశారా?

2023 జులైలో దక్షిణ కొరియా పరిశోధకులు రెండు పేపర్లు ఆన్‌లైన్‌లో పెట్టారు. సీసం, రాగి, ఫాస్ఫేటు కలిసిన ఎల్‌కే-99 అనే పదార్థం మామూలు పీడనంలో, 127 డిగ్రీల సెల్సియస్ దాకా సూపర్ కండక్టర్ అట. సూపర్ కండక్టర్ అంటే నిరోధం సున్నా. 1911లో పాదరసంలో మొదట చూసినప్పుడు మైనస్ 269 డిగ్రీల చలి కావాల్సి వచ్చింది. 1987 నాటి ఇట్రియం పదార్థానికి కూడా మైనస్ 180 కావాలి. అలాంటిది మన మే నెల ఎండలో కూడా పనిచేసేది దొరికితే కరెంటు తీగల్లో నష్టం ఉండదు, ఎమ్మారై యంత్రానికి ద్రవ హీలియం అక్కర్లేదు. అందరికీ ఇది నిజమైతే బావుండునని ఉంది. అందుకే ఇంకా జాగ్రత్తగా చూడాలి.

వీడియోలో ఆ ముక్క అయస్కాంతం మీద తేలింది. పూర్తిగా కాదు, ఒక అంచు ఆనే ఉంది. ఒక కాలు బెంచీ మీద పెట్టి "నేను గాల్లో ఉన్నా" అన్నట్టు. అయినా కొరియాలో సూపర్ కండక్టర్ వాసన తగిలిన కంపెనీల షేర్లన్నీ ఎగిరాయి. ఆ ముక్క కన్నా అవే బాగా తేలాయి.

ఇంతలో ప్రపంచమంతా ల్యాబుల్లో కొలుములు వెలిగాయి. మన ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ కూడా తయారు చేసి చూసి, సూపర్ కండక్టివిటీ కనిపించలేదని కొద్ది రోజుల్లోనే చెప్పింది. మరి 104 డిగ్రీల దగ్గర నిరోధం ఒక్కసారిగా పడిపోయిందన్నారే? తయారీలో పక్కన పుట్టే మలినం కాపర్ సల్ఫైడ్. దాని నిర్మాణం సరిగ్గా ఆ ఉష్ణోగ్రత దగ్గరే మారుతుంది. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థలో మలినం లేని స్ఫటికాలు పెంచి చూస్తే అవి ఊదారంగులో, పారదర్శకంగా ఉన్నాయి. నిరోధం సున్నా కాదు కదా, లక్షల ఓములు! సూపర్ కండక్టర్ అనుకున్నది ఇన్సులేటర్‌గా తేలింది. నెల తిరక్కుండానే కథ ముగిసింది.

"చూశావా, నేను ముందే చెప్పాను బోగస్ అని" అని దుప్పటివాడు ముసుగు తీసి అంటాడు. నాయనా, నువ్వు చెప్పావు. కొలిమి దగ్గర కూర్చున్నవాళ్ళు తేల్చారు.

నాలుగో ప్రశ్న: నా అనుమానానికి ఆధారం ఏంటి?

దుప్పటివాడి కోసమే ఈ వార్త. 1920 జనవరి 13న న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఒక సంపాదకీయంలో రాబర్ట్ గొడార్డ్ అనే ప్రొఫెసర్‌ని ఎగతాళి చేసింది. శూన్యంలో రాకెట్ దేన్ని తన్ని పైకి పోతుంది, ఈయనకి హైస్కూలు చదువు కూడా లేదా అని దాని సారాంశం. నిజానికి హైస్కూలు పాఠం మర్చిపోయింది పత్రికే. రాకెట్ గాలిని తన్నదు. తనలోంచి వెళ్ళే వాయువుని వెనక్కి తన్ని తాను ముందుకి పోతుంది. న్యూటన్ మూడో నియమం.

గొడార్డ్ 1926లో ద్రవ ఇంధనంతో మొదటి రాకెట్ ఎగరేశాడు. అది రెండున్నర సెకన్లు గాల్లో ఉండి, 12 మీటర్లు లేచి, క్యాబేజీ తోటలో పడింది. ఆయన 1945లో చనిపోయాడు. అపోలో-11 చంద్రుడి దారిలో ఉండగా 1969 జులై 17న ఆ పత్రిక తన పొరపాటుని సవరించుకుంది. నలభై తొమ్మిదేళ్ళు! చదవడానికి ఆయన లేడు.

నక్షత్రం లెక్క వేసినవాళ్ళదీ అనుమానమే, ఈ సంపాదకీయానిదీ అనుమానమే. మొదటిదాంట్లో అంకెలున్నాయి, రెండోదాంట్లో వెటకారం మాత్రమే ఉంది. వెటకారం బాగా పండింది కాబట్టి లెక్క కూడా కరెక్టే అనుకోకూడదు.

ఇంటి దగ్గర పరీక్ష

ఇదంతా మనకెందుకంటారా? ఇంటి నుంచి ఫోను వస్తుంది కాబట్టి. "ఏరా ఇంజనీరూ, ప్లగ్గులో పెడితే కరెంటు బిల్లు సగం చేసే పెట్టె వచ్చిందట. కొట్టువాడు మీటరు పెట్టి చూపించాడు, కరెంటు నిజంగానే తగ్గింది. నాలుగు కొందామా?" అని పెదనాన్న అడుగుతాడు. ఇక్కడ గాటన కట్టమంటే డబ్బులు పోతాయి. "అంతా బోగస్, మీకేం తెలీదు" అంటే పెదనాన్న నొచ్చుకుంటాడు, పెట్టె ఎలాగూ కొంటాడు. తన కళ్ళతో చూశాడు మరి.

ఆయన చూసింది అబద్ధం కాదు. పెట్టెలో ఉండేది ఒక కెపాసిటర్. మోటారు, ఫ్యాను లాంటివి తీసుకునే రియాక్టివ్ కరెంటుని అది అక్కడికక్కడే సర్దుతుంది. అమ్మీటరు ముల్లు నిజంగానే దిగుతుంది. కానీ ఇంటి మీటరు లెక్కపెట్టేది ఆంపియర్లని కాదు, యూనిట్లని, అంటే కిలోవాట్ అవర్లని. ఫ్యాను తిరగడానికి కావాల్సిన వాట్లు అన్నే, బిల్లూ అంతే. ఫ్యాక్టరీల్లో పవర్ ఫ్యాక్టర్ తగ్గితే బిల్లు మీద దెబ్బ పడుతుంది కాబట్టి అక్కడ కెపాసిటర్లకి అర్థం ఉంది.

కాబట్టి జవాబు ఇలా చెప్పొచ్చు: "మీరు చూసింది నిజమే పెదనాన్నా, కరెంటు తగ్గింది. కాకపోతే మన బిల్లు దాన్ని బట్టి రాదు. ఎవరైనా కొన్నవాళ్ళుంటే ఒక వారం పెట్టి, ఒక వారం తీసి, మీటరు రీడింగులు రాసుకోమనండి." ఆ రీడింగులు తెలిస్తే పెదనాన్న తన లెక్క తనే వేసుకుంటాడు, రేపు ఊళ్ళో ఇంకో నలుగురికి చెప్తాడు.

అభ్యాసం

1. "ఆగస్టు 27న అంగారకుడు చంద్రుడంత కనిపిస్తాడు" అని ఏటా మెసేజ్ వస్తుంది. 2003లో ఆ రోజున అంగారకుడు నిజంగానే బాగా దగ్గరకొచ్చాడు, దూరం 5.6 కోట్ల కిలోమీటర్లు. వ్యాసం సుమారు 6,780 కిలోమీటర్లు. చంద్రుడి వ్యాసం 3,474, దూరం 3.84 లక్షల కిలోమీటర్లు. ఎవరు ఎన్ని రెట్లు చిన్నగా కనిపిస్తారు? (జవాబు సుమారు 75 రావాలి. 75 రెట్లు పెంచే టెలిస్కోపులో చూస్తే చంద్రుడంత కనిపిస్తాడన్నది అసలు మాట. టెలిస్కోపు దారిలో జారిపోయింది.)

2. "5 నిమిషాల్లో ఎలక్ట్రిక్ కారు ఫుల్ ఛార్జ్." బ్యాటరీ 50 కిలోవాట్ అవర్లు అనుకుంటే ఎన్ని కిలోవాట్లు కావాలి? (600. ఒక్కో ఇంటికి 5 కిలోవాట్ల లోడు చొప్పున 120 ఇళ్ళ కరెంటు.) అలాగని వార్త అబద్ధమా? అడగాల్సిన ప్రశ్న అది కాదు. ఆ 600 కిలోవాట్లు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ పెడతారు, కేబుల్ ఎంత లావుండాలి, దాని వేడిని ఎలా తీస్తారు? ఈఈఈ వాళ్ళు జవాబు రాసి పంపండి, వచ్చే సంచికలో వేద్దాం.

3. ఈ వారం మీ గ్రూపులో వచ్చిన ఒక సైన్సు వార్త తీసుకుని నాలుగు ప్రశ్నలూ వెయ్యండి. జోకు కూడా రాయండి. మార్కులు మాత్రం లెక్కకే.