జలవాహనం అడుగున నీరు: చిల్లు జాడ

మలయు భాషలో ‘సుంగై’ అనగా ఏరు, ‘సిపుట్’ అనగా నత్త. ఈ నత్తల ఏటి ఊరికి అనతిదూరంలో, పేరాక్ నదిపై 1930లో పూర్తయిన చెండెరో ఆనకట్ట వెనుక విశాలమైన జలాశయం ఉన్నది. అటువంటి నీటిపై జెట్ స్కీ నడిపే మన యువకులు, ఒడ్డు చేరిన పిదప వాహనం పొట్టలో నీరు కనిపించినచో తేలికగా తీసుకొనరాదు.

నీటిమట్టానికి 30 సెంటీమీటర్ల దిగువన 3 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్నదనుకొందాము. టారిచెల్లి సూత్రంతో లెక్కించినచో గంటకు సుమారు 62 లీటర్ల వరకు నీరు లోనికి రావచ్చును. ఆ బరువుకు వాహనం మరికొంత దిగుతుంది. దిగినకొద్దీ రంధ్రం వద్ద వెలుపలి నీటి పీడనం హెచ్చుతుంది.

మొదట వెనుకనున్న బిరడాలను చూడవలెను. చాలమారులు దొంగ అక్కడే దొరుకుతాడు! అవి సరిగా ఉన్నచో, ఇంజను ఆపి, ఒడ్డునే కొంతసేపు నీటిలో నిలిపి పరీక్షించవలెను. కదలకున్నా నీరు చేరితే అడుగున పగులో, ఇరుసు చుట్టూ ఉండే సీలు అరుగుదలో కారణం కావచ్చును. నడిచినపుడు మాత్రమే చేరితే సీలుతోపాటు ఇంజనును చల్లబరచే నీటి గొట్టాలనూ అనుమానించవలెను.

పగులు కంటికి ఆనకపోతే మన అమ్మమ్మల ఉపాయమే శరణ్యం. కొత్త కుండలో నీరు నింపి వెలుపల తడిమి చూసేవారు కదా! వాహనాన్ని గట్టుకు చేర్చి, బ్యాటరీ తీసి, లోపల ఇరుసు మట్టం వరకే నీరు పోయవలెను. వెలుపల పొడిగా తుడిచి సుద్దపొడి పూసినచో, కొంతసేపటికి తడిచుక్క తానే చోటు చూపుతుంది. లోపలి నీటి లోతు స్వల్పం గనుక ఇక్కడ తొందర పనికిరాదు. అతుకు ఆరిన తరువాత ఇదే పరీక్ష మరొకమారు చేసి, ఆపైననే జలాశయంలోకి దింపవలెను.